తాబేలు తలుపు

దోన్ ఫెర్మీన్ జెట్టీ మీదికి వస్తున్నాడంటే ఎదెల్మీరాకి ముందు ఆయన బూట్ల చప్పుడు తెలిసేది. ఆ మంగళవారం ఆయన రబ్బరు చెప్పులేసుకుని వచ్చాడు. నీడ వల మీద పడేదాకా ఆమెకి తెలియలేదు. ఐసు ఫ్యాక్టరీకీ, రొయ్యల ప్లాంటుకీ, రేవులో సగం బోట్లకీ యజమాని. అంతటి మనిషి చప్పుడు చేయకుండా వచ్చాడంటే ఎవరికో ఏదో కీడు మూడిందనుకుంది. ఆ ఎవరో తన కొడుకే అయి ఉంటాడని కూడా అనుకుంది. ఆమె ఆలోచనలు ఎక్కడ బయల్దేరినా విల్బర్ దగ్గరికే వచ్చి ఆగుతాయి.

"ఇది ఎవరి వల?" అన్నాడాయన.

"తోబియాస్‌ది. ఎస్త్రెయీతా బోటుది."

"తలుపు కుట్టావా?"

"ఇంకా లేదు. అది ఆఖర్న."

దోన్ ఫెర్మీన్ పక్కనున్న పెట్టె బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆమె పక్కన కూర్చోవడం అదే మొదలు. కాలి బొటనవేలికి తగిలించి బిగదీసిన వల కన్నుని ఎదెల్మీరా వదిలేసింది. అల్లే సూది ఒళ్ళో పెట్టుకుంది.

వల మెడ దగ్గర ఇనప ఊచల చట్రం ఒకటి బిగించి ఉంటుంది. రొయ్య ఊచల సందుల్లోంచి జారి కొన సంచిలోకి పోతుంది. తాబేలు పట్టదు కాబట్టి ఊచలకి తగిలి, వాటి మీదుగా పైకి జారి, అక్కడున్న చీలికలోంచి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఆ చీలిక మీద ఒక వల ముక్క రెప్పలా కప్పి ఉంటుంది. దాన్ని రేవులో తాబేలు తలుపు అంటారు. ప్రతి వలకీ అది ఉండాలని దేశం నాలుగు దేశాలవాళ్ళతో కలిసి సంతకం పెట్టింది. అయితే తలుపు తెరిచి ఉంటే తాబేలుతో పాటు గుప్పెడు రొయ్యలు కూడా పోతాయి. అందుకని రేవు దాటకముందే ఆ రెప్పని కుట్టించేస్తారు. చక్కెర బస్తా మూతికి వేసే కుట్టు లాంటిదే. ఎర్ర గుడ్డ కట్టిన కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజితే మొత్తం ఊడి వస్తుంది. గస్తీ పడవ కనపడగానే ఒక కళాసీ గుంజుతాడు. ఆ కుట్టు ఎదెల్మీరాది. ఆమె కంటే బాగా వేసేవాళ్ళు రేవులో లేరు.

"గురువారం అమెరికా నుంచి తనిఖీకి గ్రింగోలు వస్తున్నారు. ఈసారి జెట్టీ మీద చూసి పోరు, సముద్రంలోకే వస్తారట," అన్నాడు దోన్ ఫెర్మీన్.

"అయితే ఎవరికీ కుట్టొద్దంటారా?"

"విను ముందు. పోయినేడు రాజధానిలో వాళ్ళేమన్నారో తెలుసా? మీకు చట్టముంది, ఒప్పందముంది, ఇన్నేళ్ళలో ఒక్కణ్ణయినా పట్టుకున్నారా అని అడిగారట. దొంగే లేని రేవులు మీవేనా అని నవ్వారట. ఈసారి మనవాళ్ళు ఎవరో ఒకణ్ణి వాళ్ళ కళ్ళ ముందు పట్టుకోవాలి. లేకపోతే మన రొయ్య ఒక్కటి కూడా ఓడెక్కదు. ఇదివరకు ఆపినప్పుడు ఎలా అయిందో గుర్తుందిగా?"

గుర్తుండకేం. ప్లాంటు మూసేసినప్పుడు విల్బర్ అరటి తోటల్లోకి మందు కొట్టడానికి వెళ్ళి, చేతుల మీద చర్మం ఊడి తిరిగొచ్చాడు.

"అందుకని ఒకడు దొరకాలి. తోబియాస్ దొరుకుతాడు. మనిషీ ముసలివాడే, బోటూ ముసలిదే. లైసెన్సు పోతే ఆ బోటు నేను కొనుక్కుంటాను, అతనికీ నాలుగు డబ్బులొస్తాయి. బోట్ల వాళ్ళం అందరం అనుకున్నాం. రేవు ఆఫీసుకి అతని పేరు కూడా చేరిపోయింది."

"అందరిలో తోబియాస్ కూడా ఉన్నాడా?"

ఆయన నవ్వాడు. "నువ్వు భలే అడుగుతావు. చూడు, నీ పని చిన్నది. అతనికి మాత్రం గుంజితే ఊడే కుట్టు వద్దు. ముడి మీద ముడి వెయ్యి. ఎర్ర గుడ్డ ఎప్పట్లాగే కట్టు."

"ఆ బోటులో మా వాడున్నాడు, దోన్ ఫెర్మీన్."

"తెలుసు కాబట్టే నేనే వచ్చాను. ఆ రోజు వాడికి జ్వరమొస్తుంది. వచ్చేలా నువ్వు చూసుకో." లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "మా రెయినా బోటుకి మాత్రం మామూలుగానే కుట్టు. సీజను మొదటి రోజు రొయ్య తాబేళ్ళకి దానం చేసేంత ధర్మాత్ముణ్ణి కాను. మా వైపు ఎవరూ రారు."



*

విల్బర్ అన్నం, నల్ల చిక్కుళ్ళు కలిపి వేయించింది పళ్ళెం నిండా పెట్టుకుని, పైన అరటికాయ ముక్కలు పేర్చుకుని తింటున్నాడు. ఎదెల్మీరా పొయ్యి దగ్గరే నిలబడింది.

"గురువారం వెళ్ళకురా."

"ఎందుకట?"

"నాకు మనసు బాగాలేదు."

"నీ మనసు ఎప్పుడు బాగుందే అమ్మా? పోయిన వారం గాలి ఎక్కువైందని వెళ్ళొద్దన్నావు. అంతకుముందు అసలు గాలే లేదని వెళ్ళొద్దన్నావు. నేను బోటెక్కాలంటే సముద్రం వచ్చి నీ దగ్గర పర్మిషన్ అడగాలి."

"ఛాతీలో నొప్పిగా ఉందిరా."

అబద్ధం ఆడదామని అన్న మాటే గానీ, అనగానే నిజంగానే పట్టేసినట్టనిపించింది. విల్బర్ చెంచా కింద పెట్టాడు. లేచి వచ్చి ఆమె మొహంలోకి చూశాడు. అరటి తోటల తరవాత వాడి చేతుల మీద పెరిగిన కొత్త చర్మం గులాబీ రంగులో, పసిపిల్లల చర్మంలా ఉంటుంది. ఆ చేత్తో ఆమె నుదురు ముట్టుకున్నాడు.

"సరే. తోబియాస్ తాతకి చెప్తానులే. ఇంకెవర్నయినా చూసుకుంటాడు."

ఇంకెవర్నయినా అన్న మాట ఆమె చెవిలో పడింది. కానీ వాడు ఇంటిపట్టున ఉంటాడన్న సంతోషంలో దాన్ని పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున్నే పక్కింటి ఎర్మీనియా వచ్చింది. చేతిలో పళ్ళెం, అందులో మొక్కజొన్న పిండి అరటాకులో చుట్టి ఉడికించిన తమాలెలు పొగలు కక్కుతున్నాయి.

"అక్కా, నీ కడుపు చల్లగా ఉండాలి. మా యాదేర్‌ని తోబియాస్ ఎక్కించుకుంటున్నాడు. రేపే మొదటిసారి. మీ వాడు ఆగబట్టే కదా."

ఎదెల్మీరా పళ్ళెం అందుకోలేదు.

"ఏంటలా చూస్తావు? పంది మాంసం వేశాను, ఉత్త పిండి కాదులే." ఎర్మీనియా నవ్వుతూ పళ్ళెం బల్ల మీద పెట్టింది. "కొత్త బూట్లు కావాలని కూర్చున్నాడు. వాళ్ళ నాన్న బూట్లలో గుడ్డలు కుక్కి ఇచ్చాను. రాత్రి అవి పక్కనే పెట్టుకుని పడుకున్నాడు వెధవ. తలుపు కొస గుంజే పని వాడిదేనట, కుర్రాడు కదా, చురుగ్గా ఉంటాడని."

"రేపొద్దులే, ఎర్మీనియా. వచ్చే వారం పంపు."

"ఎందుకు?"

ఎందుకో చెప్పాలి. చెప్తే ఎర్మీనియా వీధి చివరిదాకా అరుచుకుంటూ పోతుంది. సాయంత్రానికి దోన్ ఫెర్మీన్‌కి తెలుస్తుంది. ప్లాంటులో ఎర్మీనియా పనీ పోతుంది, తన పనీ పోతుంది. ఆ తరవాత గ్రింగోలకి ఎవరూ దొరకరు. ప్లాంటు మూసేస్తారు. విల్బర్ మళ్ళీ తోటలకి పోతాడు. ఇంత దూరం ఒక్క క్షణంలో నడిచి వచ్చింది ఆమె భయం.

"ఊరికే. మొదటిసారి కదా అని," అంది.

"నువ్వు పిరికిదానివి అక్కా. ఆ పిరికితనమే విల్బర్‌ని ఇంత జాగ్రత్తగా పెంచిందిలే." బుగ్గ మీద ముద్దు పెట్టి వెళ్ళిపోయింది.

ఎదెల్మీరా తమాలె విప్పి, మళ్ళీ చుట్టేసింది. యాదేర్ పుట్టినప్పుడు బొడ్డు కోసే ఆవిడ రావడం ఆలస్యమైతే, వాణ్ణి ముందు చేతుల్లోకి తీసుకున్నది తనే.

*

మధ్యాహ్నం వాన వెలిశాక జెట్టీకి వెళ్ళింది. ఎస్త్రెయీతా అంటే చిన్ని నక్షత్రం, బోటు కూడా పేరుకి తగ్గట్టే చిన్నది. రంగు పెచ్చులూడిపోయింది, ముందువైపు వేలాడుతున్న సముద్రమాత బొమ్మకి ముక్కు లేదు. తోబియాస్ ఇంజను దగ్గర్నుంచి నూనె చేతులతో వచ్చాడు.

"ఒంట్లో బాగాలేదన్నాడు మీ వాడు."

"తగ్గింది."

"నువ్వు చచ్చినా నా వల కుట్టాకే చస్తావు, నాకు తెలుసు. మామూలు కుట్టే కదా? ఈ మధ్య నా వేళ్ళకి సరిగా పట్టు చిక్కడం లేదు. తొందరగా ఊడాలి."

"మామూలుదే," అంది.

తోబియాస్ మళ్ళీ ఇంజను గదిలోకి దిగాడు. ఆమె చట్రాన్ని ఒళ్ళోకి లాక్కుని, ఆకుపచ్చ పురి దారం సూదికి ఎక్కించింది. ఐసు ఫ్యాక్టరీ అరుగు మీద దోన్ ఫెర్మీన్ మేస్త్రి పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ ఇటే చూస్తున్నాడు.

మామూలుగా సూది పైన రెప్పలోంచి దిగి, కింద వలలోంచి వెళ్ళి, మళ్ళీ పైకి రావాలి. అప్పుడే రెండూ కలుస్తాయి. మొదటి కుట్టుకి సూది కిందికి దించింది. దించి ఆపింది. ఎడమ చెయ్యి రెప్ప కిందికి పోనిచ్చి, సూది మొనకి తన వేలు అడ్డం పెట్టింది. సూది వేలికి తగిలి పైకే వచ్చింది. రెప్పలోకి దిగి, రెప్పలోంచే వచ్చింది. అక్కడ ముడి వేసింది. ముడి మీద ముడి వేసింది. మళ్ళీ వేలు జరిపింది.

పై నుంచి చూస్తే బందోబస్తుగా కుట్టేసినట్టే ఉంది. కింద మాత్రం ఒక్క పోగు కూడా పట్టుకుని లేదు. వేలి నిండా సూది పోట్లు పడ్డాయి. నెత్తురు గౌనుకి తుడుచుకుని, కొసకి ఎర్ర గుడ్డ కట్టింది. మేస్త్రి దగ్గరికొచ్చి, ముడి మీద గోరు పెట్టి లాగి చూశాడు. తృప్తిగా తలూపి వెళ్ళాడు.

ఆ తరవాత రెయినా ఎక్కింది. తెల్లగా, ఎత్తుగా, రాడారు తిరుగుతూ ఉన్న బోటు. అక్కడ ఆయన చెప్పినట్టే కుట్టింది, గుంజితే ఊడేలా. వల పట్టుకుని సాయం చేసిన కళాసీ కొత్తవాడు. పల్చటి మీసం, ఎండకి ఇంకా అలవాటు పడని మొహం. సముద్రం వాడు కాదని చూడగానే తెలుస్తుంది.

"ఈ గుడ్డ ఎందుకమ్మా?" అని అడిగాడు.

"గస్తీ పడవ వస్తే ఇది పట్టుకుని గుంజాలి. మీ సరంగు చెప్పలేదా?"

"రేపు మన దగ్గరికి ఎవరూ రారని చెప్పాడు."

ఆమె తల దించుకుని పురి కొరికేసింది.

*

గురువారం విల్బర్ ఇంట్లోనే ఉండి ఆమెకి కాఫీ వడకట్టి ఇచ్చాడు. ఆమె లేచి తిరుగుతుంటే కేకలేశాడు. ఆమె కిటికీ వదల్లేదు. దేశం రొయ్య ఆగిపోతే అని ఒకసారి, యాదేర్ నీళ్ళలో పడితే అని ఒకసారి, రెప్ప కింద తన వేలు ఎక్కడైనా తప్పి సూది కిందికి దిగి ఉంటే అని పదిసార్లు అనుకుంది.

మధ్యాహ్నం కాకముందే బోట్లు వెనక్కి రావడం కనపడింది. సీజను మొదటి రోజు ఆ వేళకి ఎవరూ రారు. వీధిలో ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు.

యాదేర్ బూట్లు చేత్తో పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. వెనకాల ఎర్మీనియా. వాకిట్లోనే మొదలెట్టాడు.

"పెద్దమ్మా, వాళ్ళు ముందు మా దగ్గరికే వచ్చారు. రేవు ఆఫీసు లిసెత్ మేడమ్, ఇద్దరు గ్రింగోలు. వల పైకి లాగమన్నారు. నేను కొస పట్టుకుని గుంజాను. రాదు. ఇంకోసారి గుంజాను. రాదు. తాత మొహం చూడాలి, అక్కడికక్కడ సున్నం అయిపోయింది. మేడమ్ అప్పటికే పెన్ను తీసేసింది. అప్పుడా పొడుగు గ్రింగో ఆవిడ రెప్ప కింద చెయ్యి పెట్టి ఇలా అంది." వాడు గుమ్మానికున్న తెర ఎత్తి చూపించాడు. "లేచిపోయింది. ఊరికే అలా పైన అలంకారానికి వేసినట్టుంది దారం. ఇదేంటి అంటే, చిరిగితే అతుకు వేయించానని తాత చెప్పాడు. వాళ్ళకంటే మేడమే ఎక్కువ కంగారు పడింది."

"తరవాత?" అన్నాడు విల్బర్.

"తరవాత గ్రింగో ఆవిడ చుట్టూ చూసి, ఆ తెల్లది అంది. రెయినా. గస్తీ పడవ పక్కకి వచ్చేదాకా అందులోవాళ్ళకి తెలియనే తెలియదు. సరంగు భోంచేస్తున్నాడట. కొస దగ్గర ఎవడూ లేడు. ఎర్ర గుడ్డతో సహా దొరికిపోయారు."

ఎర్మీనియా శిలువ గుర్తు వేసుకుంది. ఎదెల్మీరా మంచం కోడు పట్టుకుని మెల్లగా కూర్చుంది. యాదేర్ తడి కాళ్ళ గుర్తులు నేల మీద ఉన్నాయి. వాడు బతికి వచ్చాడు. కొడుకు ఎదురుగా ఉన్నాడు. ఇంకేం కావాలి అనుకుంది.

"ఇప్పుడు దోన్ ఫెర్మీన్‌ని పట్టుకెళ్తారా?" అంది ఎర్మీనియా ఆశగా.

"ఆయన్నెవరు పట్టుకుంటారమ్మా? 'నాకేం తెలుసు, కళాసీ వాడి వాటా కోసం వాడే కుట్టుకున్నాడు' అంటున్నాడాయన. సరంగు కూడా అవునన్నాడు. ఆ కళాసీని రేవు ఆఫీసులో కూర్చోబెట్టారు."

"ఎవరి పిల్లాడు?" అంది ఎదెల్మీరా.

"ఎవరో కొత్తోడు. కొండల అవతల కాఫీ తోటల వైపు నుంచి వచ్చాడట. ఇక్కడ వాడికి ఎవరూ లేరు."

ఆమె చెప్పులు వెతుక్కుంది.

"ఎక్కడికే?" అన్నాడు విల్బర్. "ఛాతీ నొప్పన్నావు."

"ఛాతీ నొప్పి లేదు. నిన్ను ఆపడానికి అన్నాను," అంది.

*

రేవు ఆఫీసు బయట జనం మూగి ఉన్నారు. తోబియాస్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆమెని చూడగానే టోపీ తీశాడు. దారి ఇచ్చాడు.

లోపల ఫ్యాను కింద ఆ కళాసీ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చేతులు మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు. దోన్ ఫెర్మీన్ కిటికీ దగ్గర, ఈసారి బూట్లతో. రెయినా వల ముక్క బల్ల మీద చెమ్మగా పడి ఉంది. పొడుగు పరదేశీ ఆవిడ ఏదో అంటోంది. అది వినేసరికి లిసెత్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ మాటల్ని తమ భాషలో చెప్పింది.

"ఎక్కడికెళ్ళినా చివరికి మాకు ఒక కళాసీనే చూపిస్తారు అంటున్నారు. వీణ్ణి జైల్లో పెడితే మీరు ఒప్పందం నిలబెట్టుకున్నట్టు కాదు. కుట్టమన్నది ఎవరో తేలకపోతే, మీరు ఎవర్నీ పట్టుకోలేదనే రాసుకుంటాం అంటున్నారు."

"కుర్రాడు ఒప్పుకున్నాడు కదా," అన్నాడు దోన్ ఫెర్మీన్. గుమ్మంలో ఎదెల్మీరాని చూశాడు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఇంటికి పో. ముసలాడి తలుపు సంగతి నీతో తరవాత మాట్లాడతాను."

ఆమె ఆయన పక్కనుంచి నడిచి బల్ల దగ్గరికి వెళ్ళింది. ఇంటి నుంచి వస్తూ అన్నీ అనుకుంటూనే వచ్చింది. పని పోతుంది. రేవులో ఇంకెవరూ వల ఇవ్వరు. పోలీసులు వస్తారు. విల్బర్‌ని ఏ బోటూ ఎక్కించుకోదు. ఆఫీసు మెట్లెక్కేసరికి అనుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. జేబులోంచి ఆకుపచ్చ పురి ఉండ తీసి తడి వల పక్కన పెట్టింది.

"ఈ కుట్టు నాది. ఈ పిల్లాడు వల పట్టుకున్నాడంతే. ఆ గుడ్డ ఎందుకో కూడా నన్నే అడిగాడు."

"ఆవిడకి ఒంట్లో బాగాలేదు," అన్నాడు దోన్ ఫెర్మీన్. "కొడుకు రెండు రోజులుగా అందరికీ చెప్తున్నాడు."

లిసెత్ ఆయన్ని చూడలేదు. "దోన్యా, మీరు చెప్పింది రాస్తే మీ పేరు కూడా రాయాలి. మీకూ జరిమానా పడొచ్చు, ఇంకేమైనా కూడా పడొచ్చు. మీకు తెలుసా?"

"రాయమ్మా."

"కుట్టమన్నదెవరు?"

"ఈయనే. మంగళవారం నా పక్కన పెట్టె మీద కూర్చుని చెప్పారు. రబ్బరు చెప్పులేసుకుని వచ్చారు."

దోన్ ఫెర్మీన్ నోరు తెరిచాడు. మిగతా బోట్లకి ఎవరు కుట్టారో అడగండి అనబోయాడని ఆమెకి తెలుసు. కానీ ఆ మాట బయటికొస్తే రేవు మొత్తం దొరుకుతుంది. దేశం రొయ్య ఆగిపోతుంది. ఆ రొయ్యలో ఎక్కువ భాగం ఆయన ప్లాంటుదే. ఆయన కూడా అంత దూరం ఒక్క క్షణంలోనే నడిచినట్టున్నాడు. నోరు మూసుకుని, కిటికీలోంచి తన తెల్ల బోటు వంక చూశాడు.

పరదేశీ ఆవిడ ఏమిటన్నట్టు లిసెత్ వైపు చూసింది. లిసెత్ చెప్పింది. ఆవిడ రాసుకోవడం మొదలుపెట్టింది.

"ఒక కేసు కావాలనుకున్నాం," అంది లిసెత్ తనలో తను అనుకున్నట్టు. "ఇది అవుతుందనుకోలేదు." ఆమె కూడా రాయసాగింది.

ఎదెల్మీరా వెళ్ళి బెంచీ మీద కళాసీ పక్కన కూర్చుంది. సూది పోట్ల వేలు ఇప్పుడు సలపడం మొదలెట్టింది.

"మీ అమ్మకి ఫోన్ చేశావా?"

అడ్డంగా తల ఊపాడు. "నా ఫోన్ తడిసిపోయింది. అయినా ఏమని చెప్పను?"

"ఏదో ఒకటి. ముందు నీ నోటితో నువ్వు చెప్పు. వేరేవాళ్ళు చెప్తే ఇంకా పెద్దదిగా వినపడుతుంది."

తన ఫోన్ తీసి చేతిలో పెట్టింది. వాడు ఒక్కో అంకె గుర్తుచేసుకుంటూ నొక్కాడు. చాలాసేపు మోగింది. అవతల ఎత్తారు. తెలియని నెంబరు, ఇటునుంచి ఎవరూ ఇంకా మాట్లాడనైనా లేదు. అయినా ఆ ఆడగొంతు ఎవరు అని అడగలేదు.

"ఏమైంది?" అంది.